మాటకీ దెబ్బకీ మధ్య దూరం

మా తాటిగుమ్మి జంక్షన్‌లో టైలర్ అప్పలకొండ మావ చెయ్యి విరిగిందన్న విషయంలో ఎవరికీ అభిప్రాయభేదం లేదు. ఎక్స్‌రే ఉంది. పిండికట్టు ఉంది. విరిగినప్పుడు ఆయన వేసిన కేక విన్నవాళ్లు జంక్షన్ నిండా ఉన్నారు. తేడా వచ్చిందల్లా ఒక్క చోటే. ఎవరు విరిచారు?

ఇదేం ప్రశ్న అని మొదట్లో నేనూ అనుకున్నాను. అప్పటికి నాకు పరిపాలన గురించి ఏమీ తెలియదు.

జరిగింది ఇది. మహోదయ పార్టీ నాయకులు దొంతల కృపానందం గారు మా జంక్షన్‌లో సభ పెట్టారు. మైకు సెట్టు నాది. ఊరంతా ఎదుటి పార్టీ జెండాలు కట్టి ఉండటం చూసి ఆయనకు ఒళ్లు మండింది. మైకు రెండు చేతులా పట్టుకుని, "ఈ జెండాలు కుట్టిన చెయ్యి తెల్లారేసరికి సూదిలో దారం ఎక్కించకూడదు! తమ్ముళ్లారా, అంతే, ఇంకేం చెప్పను!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఆయన మంచినీళ్లు తాగి రైతుల కష్టాల్లోకి వెళ్లిపోయారు.

జనంలోంచి గవిరేసు కదిలాడు. గవిరేసు మా ఊళ్లో సభలకు జెండా పట్టుకుని నిలబడే మనిషి. పార్టీ ఏదైనా అతనికి పట్టింపు లేదు, జెండా బరువు ఒకటే. నింపాదిగా నడుచుకుంటూ టైలరు షాపుకి వెళ్లి, చేతిలో ఉన్న జెండా కర్రతోనే మావ కుడిచేతి మీద ఒక్కటి వేశాడు. ఆ కర్రకున్న జెండా కూడా మావ కుట్టిందే. ఊళ్లో టైలరు ఆయనొక్కడే. ఎన్నికలొస్తే రెండు పార్టీల జెండాలూ ఆ మిషన్ మీదే పుడతాయి.

ఎస్సై గారు మర్యాద తెలిసిన మనిషి. ముందు కృపానందం గారి దగ్గరికి వెళ్లారు.

"చూడండి ఎస్సై గారూ, నేను మాట్లాడాను. కాదనను. మాట్లాడటం నా పని. నా చేతులు రెండూ మైకు మీదున్నాయి, వీడియో చూసుకోండి. మైకు వదిలి ఎవర్నైనా తాకానా?"

తాకలేదు. వీడియోలో స్పష్టంగా ఉంది.

తర్వాత గవిరేసు దగ్గరికి వెళ్లారు.

"నానేటి అన్నాను సార్? ఒక్క మాటన్నానేటి? నోరు మూసుకుని ఎల్లినాను, నోరు మూసుకుని కొట్టినాను, నోరు మూసుకుని ఒచ్చీసినాను. మావంటే నాకు కోపం కూడా నేదు. నా పెళ్లి సొక్కా ఆయనే కుట్టినాడు."

అదీ నిజమే. ఎస్సై గారు స్టేషన్‌కి తిరిగొచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"విరగాలని కోరుకున్నాయన కొట్టలేదు. కొట్టినోడు ఏమీ కోరుకోలేదు," అన్నారు, సాక్షిగా పిలిపించిన నాతో. "నేరం పూర్తిగా ఒక్కడి దగ్గర దొరకట్లేదయ్యా. సగం స్టేజీ మీదుంది, సగం షాపులో ఉంది. సగం నేరానికి కేసెలా కట్టను?"

ఆ సగాలు కలిసేదాకా సంఘటన జరిగిన స్థలం చెక్కుచెదరకూడదని టైలరు షాపుకి సీలు వేశారు. మావ కుట్టు మిషన్ లోపలుండిపోయింది. మావ బయటుండిపోయాడు.

ప్రభుత్వం ఊరుకోలేదు. 'వాక్ప్రహార బాధ్యతా నిర్ణయ సంఘం' అని ఒకదాన్ని వేసింది. అధ్యక్షులు పరాంకుశం గారు. తూనికలు కొలతల శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యారు. కారు దిగగానే నేల మీద టేపు పరిచారు. స్టేజీ మీద మైకు పెట్టిన చోటి నుంచి టైలరు షాపు దాకా కొలిపించి, మూడు వందల గజాలు వచ్చాక తృప్తిగా తలూపారు.

"బాధ్యత అనునది కూడా ఒక పదార్థమే," అన్నారు అందరినీ కూర్చోబెట్టి. "కొలతకు లొంగని పదార్థం ఈ సృష్టిలో లేదు. నోటి నుండి బయలుదేరిన బాధ్యత ఎముకను చేరులోపల ఈ మూడు వందల గజాలలో ఎచ్చటనో జారిపడినది. దానిని వెదకుటయే మా కర్తవ్యం."

కానిస్టేబుళ్లు ఆ దారి పొడవునా తలలు వంచుకుని నడిచారు. ఒకాయనకి ఎడమకాలి చెప్పు దొరికింది. రికార్డు చేశారు.

మొదటి సాక్షి మావ. సంఘం దిగిన గెస్ట్ హౌస్ వరండాలో కుర్చీ వేసి, కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టించారు.

"బాధితుడా, ఈ విషయమై నీ అభిప్రాయమేమి?"

"అబిప్రాయం ఏటుందండి? ఆయన కొట్టమన్నాడు, ఈడు కొట్టినాడు. ఇద్దర్నీ రాసీండి. నా తాళం నాకిచ్చీండి, నాను పోతాను."

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "ఇంత సులువైతే ప్రభుత్వం సంఘాన్ని ఎందుకు వేస్తుందయ్యా?"



తర్వాత నన్ను పిలిచారు. కృపానందం గారి తరఫున ఒక వకీలు గారు వచ్చారు.

"మా క్లయింటు సహజంగా మృదుభాషి," అన్నారు ఆయన. "వారి భార్యకే రెండోసారి చెబితే గానీ వినపడదు. అలాంటి గొంతు మూడు వందల గజాలు వెళ్లిందంటే, దాన్ని పెంచినవాడు ఎవడో ఉన్నాడు. బాబూ, వాల్యూమ్ ఎంతలో పెట్టావు?"

"ఆరులో అండి."

"ఎవరు పెట్టమన్నారు?"

"వాళ్లు పదిలో పెట్టమన్నారండి. మా సెట్టు ఆరు దాటితే కూస్తుంది."

పరాంకుశం గారు నా వైపు కళ్లద్దాల పైనుంచి చూశారు. "అనగా ఈ ఊరి ప్రజల ఉద్రేకం నీ చేతి వేళ్ల మధ్యనుండినది!"

నన్ను వదిలేశారు గానీ నా హారన్లను వదల్లేదు. నాలుగు హారన్లు, ఆంప్లిఫయరు, మైకు, అన్నింటినీ జీపులో ఎక్కించారు. ఎస్సై గారు వాటిని లాకప్‌లో పెట్టి, పారిపోకుండా వైరుతో కటకటాలకు కట్టించారు. పెళ్లిళ్ల సీజను. రెండు పెళ్లిళ్లు సన్నాయి వినపడక పురోహితుడి దగ్గుతోనే అయిపోయాయి.

హారన్లను మూడు రోజులు విచారించారు. అవి ఏమీ చెప్పలేదు. సంఘం దీన్ని సహాయ నిరాకరణగా నమోదు చేసి, చెవుల మీదకు వెళ్లింది. మాట చెవిలో పడింది కాబట్టే కదా చెయ్యి లేచింది? జిల్లా ఆస్పత్రి నుంచి చెవుల డాక్టరు గారు వచ్చి గవిరేసుని పరీక్షించారు. ఎడమ చెవి పనిచెయ్యదని తేలింది. సభలో హారను ఎడమ పక్కనే ఉంది.

"అయితే నీకు వినపడనే లేదు కదయ్యా!" అన్నారు అధ్యక్షులు ఆనందంగా.

"సగం సగం ఇనపడ్డాది బావూ. జెండాలన్నారు, సెయ్యన్నారు. అందరూ సప్పట్లు కొట్టినారు. అంత మంది కొడతంటే మంచి మాటే అయ్యుంటాదని ఎల్లినాను."

ఇక్కడ సంఘానికి కొత్త దారి దొరికింది. చప్పట్లు! మాటను దాటించింది హారను కాదు, చప్పట్లు. సభకొచ్చిన వాళ్లందరికీ నోటీసులు వెళ్లాయి. గెస్ట్ హౌస్ ముందు రేషను షాపు కన్నా పెద్ద వరస కట్టింది.

"నువ్వు చప్పట్లు కొట్టితివా?"

"నేదండి. దోమని కొట్టినాను."

"నువ్వు?"

"దోమేనండి. ఆ రోజు దోమలు ఎక్కువున్నాయి."

సాయంత్రానికి లెక్క తేలింది. సభలో ఒక్కరంటే ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. వేలాది మంది ఒకే క్షణంలో వేలాది దోమలను చంపారు. ఈలలు కూడా దోమల్ని బెదిరించడానికే వేశారట. మలేరియా శాఖకి సంజాయిషీ నోటీసు వెళ్లింది. ఆ శాఖ వాళ్లు మర్నాడే వచ్చి జంక్షన్‌ అంతా పొగ కొట్టారు. ఈ విచారణ వల్ల మా ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

మావ మాత్రం రోజూ వచ్చి గెస్ట్ హౌస్ గేటు దగ్గర నిలబడేవాడు. "ఒరే పండూ, తేలినాదేటి?" అని నన్నడిగేవాడు. తేలలేదు మావా అనేవాణ్ణి. "సీలైనా తీస్తారేటి?" అదీ లేదు. ఎడమ చేత్తో గుండీలైనా కుట్టి బతుకుదామంటే సూదులు, దారాలు, కత్తెర, అన్నీ సీలు వెనకే ఉన్నాయి.

అప్పుడే పరాంకుశం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కాగితాల మీద కొలిచి లాభం లేదు, సంఘటనను యథాతథంగా మళ్లీ జరిపించి, బాధ్యత ప్రయాణిస్తుండగా దారిలో పట్టుకోవాలి. అదే స్థలం, అదే స్టేజీ, అదే ఉపన్యాసం, అదే జనం, అదే కర్ర.

కృపానందం గారికి కబురు పంపితే ఆయన కళ్లు తుడుచుకున్నారు. ప్రభుత్వ ఖర్చుతో, ప్రభుత్వ ఉత్తర్వు మీద, పోలీసు బందోబస్తుతో, జనాన్ని నోటీసులిచ్చి తోలుకొచ్చే సభ ఆయన రాజకీయ జీవితంలో ఎప్పుడూ దొరకలేదు.

"ఇంకో రెండు మాటలు కలపొచ్చా?" అని అడిగారు.

"అసలు పాఠమునకు లోబడి మాత్రమే," అన్నారు అధ్యక్షులు కచ్చితంగా.

మావని పిలిచి తేదీ చెప్పారు. మావకు మొదట అర్థం కాలేదు.

"కుడిసెయ్యి కట్టులో ఉన్నాది కదండీ. మల్లీ దేనిమీద కొడతాడు?"

"ఎడమ చెయ్యి ఉన్నది కదా? 'కుడికి బదులుగా, తాత్కాలికం' అని వ్రాసికొందుము."

మావ ఎడమ చేతిని వీపు వెనక్కి లాక్కున్నాడు. "బాబ్బాబూ, షాపులో బొమ్మ ఉన్నాది. సొక్కాలు తొడిగే బొమ్మ. దాన్ని కూసోబెట్టండి, ఎంత కావాలంటే అంత కొట్టుకోండి!"

"బొమ్మకు నొప్పి పుట్టదు. నొప్పి లేనిదే దెబ్బ కొలతకు రాదు," అన్నారు పరాంకుశం గారు ఓపిగ్గా. "నీవు భయపడనక్కరలేదు. ప్రభుత్వం అంబులెన్సును సిద్ధముగా ఉంచును. పిండి ముందుగానే తడిపి ఉంచవలెనని ఆదేశించితిని."

"నాను రానంటేనో?"

"బాధితుడు సహకరించలేదని కేసు మూసివేయబడును. షాపులోని సామగ్రి ప్రభుత్వపరమగును. మిషన్‌తో సహా."

ఆ సాయంత్రం మావ, నేను, గవిరేసు టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. గవిరేసు సిగ్గుపడుతూనే వచ్చి మావకి టీ ఇప్పించాడు. మావ ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆ చేతినే చూసుకున్నాడు.

"ఇదీ పోతే ముద్దెలా తింతాన్రా? మీయత్త తినిపించాలా? కుట్టడం ఒగ్గీ, లుంగీ ఎవులు కడతారు నాకు?"

"ఏటి సెయ్యమంటావు మావా," అన్నాడు గవిరేసు. "హారన్లో ఒచ్చినాది మరి."

"హారన్లో నూతిలో దూకమని ఒస్తే దూకీస్తావేటి?"

గవిరేసు నిజాయితీగా ఆలోచించాడు. "నూతిలో అయితే ఆలోసిస్తాను మావా. అది నాకు తగుల్తాది కదా."

పునఃప్రదర్శన రోజు వచ్చింది. నా హారన్లను పూచీకత్తు మీద విడుదల చేశారు. వాటి పక్కన ఒక్కోదానికి ఒక్కో కానిస్టేబులు. షాపు సీలులో ఉంది కాబట్టి మావను స్టేజీ మీదే ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టారు. ముందు బల్ల. బల్ల మీద మావ ఎడమ చెయ్యి. దాని పక్కనే స్కేలు, స్టాప్‌వాచీ, ఆ రెండింటి మీదకూ వంగి పరాంకుశం గారు. దూరం తగ్గిపోయిందే అని ఎవరో అంటే, మూడు వందల గజాలు గవిరేసు చేత స్టేజీ చుట్టూ నడిపిస్తే సరిపోతుందన్నారు. గవిరేసు నడుస్తూనే ఉన్నాడు. అంబులెన్సులో పిండి తడుస్తోంది.

కృపానందం గారు మొదలుపెట్టారు. ఆ రోజు కన్నా ఈ రోజే బాగా మాట్లాడారు. రిహార్సల్ చేసుకున్నట్టున్నారు. "ఈ జెండాలు కుట్టిన చెయ్యి..." అనేసరికి జనం కూడా గొంతు కలిపారు. దోమలు లేకపోయినా చప్పట్లు మోగిపోయాయి.

గవిరేసు మెట్లెక్కి వచ్చాడు. "మావా, ఏటనుకోకు," అన్నాడు.

"మెల్లిగా కొట్రా," అన్నాడు మావ.

"మెల్లగా కుదరదు," అన్నారు అధ్యక్షులు స్టాప్‌వాచీ నొక్కుతూ. "యథాశక్తి."

కర్ర లేచింది. ఫలితాలు అక్కడికక్కడే ప్రకటించడానికని అధ్యక్షుల వారి కోసం నేను ఇంకో మైకు పెట్టి ఉన్నాను. అది నా చేతిలోనే ఉంది, ఆన్‌లోనే ఉంది. ఎందుకో మావ నోటి దగ్గర పెట్టాలనిపించింది. పెట్టాను. వాల్యూమ్ కూడా ఆరు దాటించాను.

మావ ఏమీ ఆలోచించలేదు. కర్రనే చూస్తూ, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు.

"నా సెయ్యి కాదురా! ఈ కొలతలాయన సెయ్యి కొట్టు!"

నాలుగు హారన్లూ కూస్తూనే ఆ మాట ఊరంతా వినిపించాయి. గాల్లోనే కర్ర ఆగింది. గవిరేసు మంచి చెవి హారను వైపుంది. కర్ర అలాగే పట్టుకుని మెల్లిగా పరాంకుశం గారి వైపు తిరిగాడు. జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు.

తూనికలు కొలతల శాఖలో అంత వేగంగా కదిలిన అధికారి ఇంతకు ముందు లేడు. స్కేలు ఒక పక్క, స్టాప్‌వాచీ ఒక పక్క పడ్డాయి. అధ్యక్షుల వారు బల్ల కింద ఉన్నారు. అక్కడి నుంచే ఆదేశం వినపడింది. "మాట్లాడినవానిని పట్టుకొనుడు! వెంటనే! మాటయే సర్వమునకు మూలము!"

గవిరేసు అయోమయంగా అటూ ఇటూ చూసి కర్ర దించేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎస్సై గారు వచ్చి మావని తీసుకెళ్లారు. చేతికి బేడీ వెయ్యడం కుదరలేదు. ఒకటి కట్టులో ఉంది.

నివేదిక అంత త్వరగా రావడం మా జిల్లాలో ఎవరూ ఎరగరు. మర్నాడు పొద్దున్నే గెస్ట్ హౌస్ వరండాలో చదివి వినిపించారు. "దెబ్బ పడిన సందర్భమున బాధ్యత నోటి నుండి చెవికి, చెవి నుండి చేతికి, చేతి నుండి కర్రకు, కర్ర నుండి ఎముకకు పూర్తిగా దిగిపోయినది. ఎముక విరిగిన పగులులోనుండి ఆవిరైనది. కావున శ్రీ కృపానందం గారి వద్ద ఏమియు మిగలలేదు. దెబ్బ పడని సందర్భమున బాధ్యతకు పోవు దారి లేక, మాట్లాడిన అప్పలకొండ వద్దనే మొత్తము నిలిచిపోయినది." కర్ర పట్టిన గవిరేసు వైరులాంటివాడట, అతని వద్ద ఏదీ నిలవదట. పైగా రెండోసారి కొట్టకుండా నిగ్రహం చూపినందుకు శాలువా కప్పారు. కృపానందం గారు వెళ్తూ వెళ్తూ, పక్క నియోజకవర్గంలో కూడా ఒక పునఃప్రదర్శన పెట్టించే వీలుందేమో కనుక్కున్నారు.

నేను ఇడ్లీ కట్టించుకుని స్టేషన్‌కి వెళ్లాను. మావని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎడమ చేత్తో తింటున్నాడు. చట్నీ చొక్కా మీద పడుతోంది. అయినా ప్రతి ముద్దకీ ఆ చేతి వేళ్లు ఒకసారి ఆడించి చూసుకుంటున్నాడు.

ఎస్సై గారు స్టేట్‌మెంట్ రాసుకుంటూ నిట్టూర్చారు. "నీ టైము బాలేదయ్యా అప్పలకొండా. ఆ గవిరేసు గాడు కర్ర దించి అధ్యక్షుల వారి మీద వేసుంటే, ఆయన చెయ్యి విరిగుండేది, బాధ్యత ఆవిరైపోయుండేది. నువ్వు ఈపాటికి ఇంటి దగ్గర పడుకునుండేవాడివి."

"నిజమే మావా," అన్నాను నేను. "ఒక్కటి పడుంటే చాలు."

మావ ఇడ్లీ ఆపేశాడు. "ఒద్దురా. ఆ ముసిలాయనది సెయ్యి కాదేటి? ఎంత నొప్పో నాకు తెల్దేటి?" ఇడ్లీ కాగితానికి వేళ్లు తుడుచుకుని మళ్లీ అన్నాడు. "బయపడిపోయి నోటికొచ్చినాది అనీసినాను. ఆడు ఆగబట్టి సరిపోనాది. ఆగకపోతే? కర్ర ఆడిదే అయినా అన్నది నానే కదా. ఆడి పాపం ఆడిదీ, నా పాపం నాదీ."

ఎస్సై గారి పెన్ను ఆగిపోయింది. "ఏమన్నావ్?"

"అన్నది నానేనండి. తప్పే. రాసుకోండి."

ఎస్సై గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇన్నాళ్ల విచారణలో, స్టేజీ ఎక్కినవాళ్లూ దిగినవాళ్లూ, నోళ్లూ చెవులూ చేతులూ, ఎవరూ చెప్పని మాట అది. హారన్లు కూడా చెప్పలేదు. ఆయన మెల్లిగా కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరగా వేసి, గెస్ట్ హౌస్‌కి ఫోన్ చేశారు.

"సార్... ఒప్పుకుంటున్నాడు సార్... లేదు సార్, ఎవరూ కొట్టలేదు. తనంతట తనే... అవును సార్, 'అన్నది నేనే' అంటున్నాడు... వక్రీకరించారని అనట్లేదు సార్, అడిగాను..."

అవతల పరాంకుశం గారి గొంతు మా బెంచీ దాకా వినపడింది. ఇది మిక్కిలి ప్రమాదకరమైన ఆనవాయితీ, బయటికి పొక్కితే రేపు మైకు పట్టినవాడల్లా ఒప్పుకోవలసి వచ్చును, ఎన్నికల ముందు రాష్ట్రం తట్టుకోలేదు, ఆ కాగితం చించుడు, ఆ మనిషిని తక్షణం వదులుడు, షాపు తాళం కూడా అతని మొహాన పారవేయుడు అన్నారు.

కాగితం అక్కడే చించేశారు. తాళం చేతిలో పెట్టారు. మావ దాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"మరయితే బావూ, నా కుడిసెయ్యి ఎవులిరగ్గొట్టినట్టు?"

"వెళ్లవయ్యా బాబూ, వెళ్లు," అన్నారు ఎస్సై గారు రెండు చేతులూ జోడించి. "ఇక్కడే ఉంటే మళ్లీ ఏదైనా ఒప్పుకుంటావు."